మట్టికోట మట్టిదిబ్బ కాదు

పది రోజులుగా ఒకటే మెసేజ్. పొద్దున చుట్టాల గ్రూపులో, మధ్యాహ్నం పదో తరగతి స్నేహితుల గ్రూపులో, రాత్రి కాలనీ గ్రూపులో. పేరు ‘ఓరుగల్లు కోట గురించి మీకు తెలియని నిజాలు’. కింద ఐదు ముక్కలు, చివర జెండా బొమ్మలు. మొదటి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో ముక్క చదివి మా బావమరిది ఒక మాటన్నాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

కోట మొత్తాన్ని ఒకే బండలో తొలిచారట. ఓరుగల్లు అంటే ఒంటిరాయి, సరే. ఆ రాయి కోట లోపల గుట్టగా ఇప్పటికీ ఉంది, ఎక్కి రావచ్చు. గోడ మాత్రం విడివిడి రాళ్లతో పేర్చింది. దగ్గరికెళ్లి చూస్తే అతుకులు కనిపిస్తాయి.

సున్నం లేకుండా ఆ రాళ్లు ఎలా నిలిచాయో శాస్త్రవేత్తలకే అంతుపట్టడం లేదట. ఎందుకు అంతుపట్టదు? రాయిని చెక్కి అంచుకు అంచు కుదిర్చారు. ఆ బరువే వాటిని పట్టి ఉంచుతుంది. గోడకు లోపలివైపు మట్టిని ఏటవాలుగా పోసి, పైకి ఎక్కడానికి మెట్లు కట్టారు. రాతిగోడ వెనక కూడా మట్టే ఉందన్నమాట, ఈ సంగతి గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి ఎండలో రాళ్లు కొట్టిన మనుషుల పనిని ‘రహస్యం’ అనేస్తే ఆ పని చేసినవాళ్లకు ఏం మిగులుతుంది?

కీర్తితోరణాలు కోట ద్వారాలట. కావు. అవి నడిమధ్యనున్న స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబెట్టినవి. వాటికి తలుపుల్లేవు, పక్కన గోడ లేదు. తలుపు లేని ద్వారంతో శత్రువును ఎలా ఆపుతారు? అసలు కోట ద్వారాలు చూడాలంటే రాతిగోడ దగ్గరికి వెళ్లాలి. అక్కడ దారి నేరుగా లోపలికి పోదు, మెలిక తిరుగుతుంది. ఏనుగు దూరం నుంచి పరుగున వచ్చి తలుపును గుద్దడానికి వీల్లేకుండా అలా కట్టారు. తోరణం తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉంది కాబట్టి అందరికీ తెలుసు. ఈ మెలిక ద్వారాల గురించి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక ఐదో ముక్క. ‘చుట్టూ కనిపించే మట్టికట్ట కోటలో భాగం కాదు. తర్వాతెప్పుడో చెరువులు తవ్వి పోసిన మట్టి. అసలు కోట రాతిగోడ ఒక్కటే.’ దాని కింద మా బావమరిది రాసింది: ‘అయితే చదును చేసి ప్లాట్లు వేస్తే పోయేదేముంది?’

ఆ మట్టే కోట. రాతిగోడ కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో మొదలైంది. రుద్రమదేవి దాని ఎత్తు పెంచి, బయట మట్టిగోడ పోయించి, దాని ముందు అగడ్త, అంటే లోతైన కందకం, తవ్వించింది. తర్వాత ప్రతాపరుద్రుడు కోటను ఇంకా బలపరిచాడు. 45 బురుజుల రాతిగోడ వలయానికి అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. మట్టిగోడ వలయానికి దాదాపు దానికి రెట్టింపు. ఇంకా బయట హనుమకొండను కూడా కలుపుకుని, అడ్డుకొలత 12 కిలోమీటర్లు దాటే మరో మట్టి వలయం ఉంది. చెరువు మట్టిని ఎవరైనా ఇంత పెద్ద వలయంగా, ముందు అగడ్త తవ్వి మరీ పోస్తారా?

నా మాట నమ్మకపోతే శత్రుపక్షం మాటే వినండి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం ఓరుగల్లును ముట్టడించింది. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఆ దండయాత్ర గురించి రాస్తూ ఈ మట్టిగోడను మెచ్చుకున్నాడు. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిదట. యంత్రంతో విసిరిన రాయి తగిలితే పిల్లలు ఆడుకునే కాయలా వెనక్కి ఎగిరిపడుతుందట. తన సుల్తాను గెలుపును పొగడ్డానికి కూర్చున్న కవి ఓడినవాళ్ల మట్టిగోడను పొగిడాడు! ఏడు వందల ఏళ్ల తర్వాత మనం దాన్ని చెరువు మట్టి అంటున్నాం.

ఆ గోడ దాటడానికి కాఫూర్ సైన్యానికి దాదాపు నెల పట్టింది. రాయి మీద దెబ్బ పడితే పగులుతుంది, మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది. అందుకే మట్టిని బయట పెట్టి రాతిని లోపల పెట్టారు. అంతేగానీ రాళ్లు చాలక కాదు.

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. ‘రాతిగోడను ఆయుధంతో ఎవరూ గెలవలేదు’ అన్నది నాలుగో ముక్క. నిజం చెప్పాలంటే దీన్ని కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ 1310 వరకు అది నిజమే. కాఫూర్ మట్టికోట దాటి రాతిగోడ దాకా వచ్చాడు, లోపలికి రాలేకపోయాడు. ప్రతాపరుద్రుడు సంపదలూ ఏనుగులూ ఇచ్చి సంధి చేసుకున్నాడు. 1323లో కోట పోయింది. అప్పుడు కూడా నెలల ముట్టడి తర్వాతే పోయింది. అయితే ఈ మాట రాసినవాళ్లే, శత్రువును నెల రోజులు బయటే నిలబెట్టిన గోడను కింది వాక్యంలో కోటే కాదంటే ఎలా?

ఇప్పుడు ఆ గోడ చాలాచోట్ల తెగిపోయింది. దాని మీద ఇళ్లున్నాయి, మధ్యలోంచి రోడ్లున్నాయి. రాతిగోడలో రాయి పడిపోతే మళ్లీ ఎత్తి పెట్టొచ్చు. జేసీబీ ఒక పూటలో చదును చేసిన మట్టికట్టను మళ్లీ ఎక్కడినుంచి తెస్తాం?

బావా, పోయేదేముందని అడిగావు కదా. ఆదివారం పొద్దున బండి వేసుకుని రా. మట్టికోట మీద ఒక చోట నిలబెడతాను. ఒకవైపు అగడ్త పల్లం, ఇంకోవైపు దూరంగా రాతిబురుజులు కనిపిస్తాయి. అవి చూశాక ఆ ప్రశ్న మళ్లీ అక్కడే అడుగు.