పంపు మానేయమన్న మెసేజ్‌కి నా జవాబు

చలికాలం రాగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. "ఆయాసానికి పంపు (ఇన్‌హేలర్) మొదలుపెడితే ఊపిరితిత్తులు దానికి బానిసవుతాయి. అది ఆఖరి దశలో ఇచ్చే మందు. పొగ తాగనివాళ్లకి ఈ జబ్బు రాదు. ఆయాసం ఉన్నవాళ్లు కదలకుండా పడుకోవాలి. ఆక్సిజన్ పెట్టారంటే ఇక అంతే. 48 రోజులు పొడి వాడితే జబ్బు కూకటివేళ్లతో పోతుంది." పంపేవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే. మా అమ్మకున్నది సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసపెట్టే జబ్బు. కిందటేడు అమ్మ ఆ మెసేజ్ చదివించుకుని, "అలవాటైపోద్దంట కదరా" అని పంపు పక్కన పెట్టేసింది. పదకొండో రోజు రాత్రి మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. మాట పెగలడం లేదు. ఆస్పత్రికి పరుగెత్తాం.

ముందు పొగ సంగతి. అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. కానీ పాతికేళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదింది. వానాకాలంలో తడి కట్టెలు, పిడకలు, కిటికీ లేని వంటిల్లు. 1999లో మొదలైన దీపం పథకం గ్యాసు మా ఇంటికి వచ్చేసరికే ఆ పొగంతా లోపలికి పోయింది. 2016 అంచనాల ప్రకారం మన దేశంలో సీఓపీడీ ఉన్నవాళ్లు సుమారు 5.5 కోట్ల మంది. ఆ జబ్బు తెచ్చే నష్టంలో సగానికి పైగా ఇంటా బయటా ఉన్న పాడుగాలి వల్లే, పొగాకు వాటా దాదాపు పాతిక శాతం. ఆడవాళ్ల దగ్గుని "వయసు మీద పడింది" అని కొట్టిపారేయడం ఇకనైనా మానాలి. ఎక్స్‌రే బాగుందంటే సరిపోదు. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ చేయించాలి. మందు పీల్చాక కూడా, ఊదిన మొత్తం గాలిలో 70 శాతం మొదటి సెకనులోనే బయటికి రాకపోతే గాలిగొట్టాలు ఇరుకైనట్టు లెక్క. అన్నేళ్లు పొయ్యి ఊదిన మా అమ్మకి అందులో సగం కూడా రాలేదు.

ఇక బానిసత్వం. అసలు హాని చేసేది ఈ మాటే. పంపు ఆపితే ఆయాసం తిరిగొస్తుంది, నిజమే. జబ్బు లోపలే ఉంది కాబట్టి వస్తుంది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరగదూ? దాన్ని బానిసత్వం అని ఎవరూ అనరు. మోతాదు చూడండి: గాలిగొట్టాలు విప్పే సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, పంపు రెండుసార్లు నొక్కితే వచ్చేది 200 మైక్రోగ్రాములు. అంటే ఇరవయ్యో వంతు. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి చేతులు వణికిస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది. పంపు మందు నేరుగా గాలిగొట్టాలకి చేరుతుంది. అందుకే వైద్యం మొదలయ్యేదే దానితో. ఆఖరి దశ మందన్నది పూర్తిగా తలకిందుల మాట.

జాగ్రత్తలు లేవని అనను. రోజూ వాడే పంపు వేరు, ఆయాసం ఎగదన్నినప్పుడు వాడేది వేరు. ఈ రెండోదాని అవసరం రోజురోజుకీ పెరుగుతుంటే జబ్బు అదుపు తప్పుతోందని అర్థం, డాక్టర్ని కలవాలి. స్టెరాయిడ్ ఉన్న పంపు వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. సీఓపీడీలో ఈ స్టెరాయిడ్ పంపు నిమోనియా ముప్పు కొంత పెంచుతుంది కూడా, అందుకే అందరికీ రాయరు. అన్నిటికన్నా ముఖ్యం పీల్చే పద్ధతి. అమ్మ నొక్కిన మందంతా మొదట్లో నాలుక మీదే పడేది. పంపుకి తగిలించే స్పేసర్ అనే గొట్టం పెట్టాకే లోపలికి వెళ్లింది.

కదలకుండా పడుకుంటే కాళ్లలో కండ కరుగుతుంది. అప్పుడు నాలుగడుగులకే మరింత ఆయాసం. డాక్టరు సలహాతో రోజూ కొంచెం కొంచెం నడక పెంచాలి. ముక్కుతో పీల్చి, వేడి టీ చల్లార్చుకున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలాలి. అమ్మ ఇప్పుడు మెట్లెక్కేది అలాగే.

ఆక్సిజన్ గురించి 1980, 1981లోనే అమెరికా, బ్రిటన్ పరిశోధనలు తేల్చాయి. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన రోగులు రోజుకి కనీసం 15 గంటలు తీసుకుంటే ఎక్కువకాలం బతికారు. అందరికీ అక్కర్లేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటుంటే డాక్టర్లు ఆలోచిస్తారు. సొంతంగా మాత్రం మీట పెంచకండి, కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది.

చివరిది ఆ పొడి. సీఓపీడీలో దెబ్బతిన్న ఊపిరితిత్తిని మళ్లీ మామూలు చేసే మందు ఇంతవరకూ లేదు. ఇలాంటి పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి దొరికిన సందర్భాలున్నాయి, మొదట్లో గుణం కనిపించేది అందుకే కావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపించకండి, స్టెరాయిడ్‌కి అలవాటుపడిన ఒంటికి అదీ ప్రమాదమే. ఆ పొడి డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.