సవరణ: బయెర్న్‌ను ఓడించింది 2008లో కాదు

బెలారుస్‌కు చెందిన ఫుట్‌బాల్ కోచ్ విక్తర్ గొంచరెంకో మీద వచ్చిన గత పోస్టులో, ఆయన కోచ్‌గా ఉన్న బెలారుస్ క్లబ్ బాటే బోరిసోవ్ 2008లో జర్మనీ జట్టు బయెర్న్ మ్యూనిక్‌ను సొంతూరు బోరిసోవ్‌లో ఓడించిందని ఉంది. ఏడాదీ తప్పే, ఊరూ తప్పే. ఆ మ్యాచ్ 2012 అక్టోబరు 2న బెలారుస్ రాజధాని మిన్స్క్‌లో జరిగింది. బాటే 3-1తో గెలిచింది. పావ్లోవ్, రొదియోనోవ్, బ్రెస్సాన్ తలో గోల్ కొట్టారు. ఓడిన బయెర్నే ఆ సీజన్ యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ కప్పు ఎగరేసుకుపోయింది!

2008 సంగతి వేరు. ఆ ఏడు బాటే తొలిసారి చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరింది. ఒక్క మ్యాచూ గెలవలేదు గానీ, యువెంటస్‌తో రెండుసార్లూ డ్రా చేసుకుంది, మిన్స్క్‌లో 2-2, ఇటలీలో 0-0. అప్పటికి గొంచరెంకోకు 31 ఏళ్లే. అదే బాటేలో డిఫెండర్‌గా ఆడుతూ, గాయంతో పాతికేళ్లకే ఆట మానేసినవాడు మరి.

ఇంకోటి. స్పెయిన్ జట్టు రియల్ మాడ్రిడ్‌పై గెలుపునూ ఆ పోస్టు బాటేకే కట్టబెట్టింది. అది బాటే ఖాతాలోది కాదు. 2018లో గొంచరెంకో కోచ్‌గా ఉన్న రష్యా క్లబ్ సీఎస్‌కేఏ మాస్కోది. మాస్కోలో 1-0, మాడ్రిడ్‌లో ఏకంగా 3-0. మాస్కో మ్యాచ్ తేదీ కూడా అక్టోబరు 2 కావడంతోనే ఈ తికమకంతా వచ్చి ఉంటుంది.