బ్రైట్‌నెస్ కీ పనిచేయకపోతే కీబోర్డ్ డ్రైవర్ మార్చకండి

"లాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే బ్రైట్‌నెస్ కీలు పనిచేయవు, వాటికి డ్రైవర్లే లేవు. విండోస్‌కి అయితే ఏమీ వేయక్కర్లేదు. కీబోర్డ్ డ్రైవర్ మార్చి చూడండి. కుదరకపోతే బూట్ లైన్‌లో ఏసీపీఐ బ్యాక్‌లైట్‌కి 'వెండర్' అని పెట్టండి, ఎవరికైనా పనిచేస్తుంది." ఈ సలహా తెగ షేర్ అవుతోంది. (బూట్ లైన్ అంటే లినక్స్ మొదలయ్యేటప్పుడు దానికి ఇచ్చే సెట్టింగ్‌ల వరుస; బ్యాక్‌లైట్ అంటే తెర వెనక ఉండే దీపం.) దీన్ని నమ్మి బాగున్న సిస్టమ్‌ని చెడగొట్టుకుంటున్నవాళ్లని చూస్తే బాధేస్తోంది, అందుకే రాస్తున్నాను.

డ్రైవర్లు లేవన్నది అబద్ధం. థింక్‌ప్యాడ్, ఐడియాప్యాడ్, అసుస్, డెల్, హెచ్‌పీ, ఏసర్... వీటన్నిటి హాట్‌కీల (బ్రైట్‌నెస్ లాంటి ప్రత్యేక కీలు) కోసం రాసిన డ్రైవర్లు లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌తో పాటే వస్తాయి. విడిగా డౌన్‌లోడ్ చేసే పని లేదు గనక అవి ఉన్నట్టే చాలామందికి తెలియదు. కొత్త మోడల్ వచ్చిన కొన్నాళ్లు ఒకటి రెండు కీలు మొరాయించవచ్చు, అంతవరకు నిజమే.

విండోస్ సంగతి కూడా అంతే. కంపెనీ ముందే అన్నీ వేసి ఇస్తుంది కాబట్టి మనకు తెలియదు. శుభ్రంగా ఫార్మాట్ చేసి, గ్రాఫిక్స్ డ్రైవర్ లేకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్‌తో నడిపితే అక్కడా మామూలుగా బ్రైట్‌నెస్ మారదు.

ఇక కీబోర్డ్ డ్రైవర్. అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. చాలా లాప్‌టాప్‌లలో ఆ కీ నొక్కితే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఏసీపీఐ ద్వారానో డబ్ల్యూఎంఐ ద్వారానో (ఇవి రెండూ మెషీన్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య మాట్లాడే దారులు) ఆపరేటింగ్ సిస్టమ్‌కి కబురు పంపుతుంది. కొన్నిట్లో మామూలు కీబోర్డ్ దారిలోనే వస్తుంది. ఏ దారిన వచ్చినా లినక్స్‌లో అది తగ్గించడానికి 224, పెంచడానికి 225 అనే కోడ్‌గా మారుతుంది. తెర వెలుగు మార్చడం వేరే పని, అది బ్యాక్‌లైట్ డ్రైవర్ చేస్తుంది.

కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో స్లైడర్ జరిపి చూడండి. వెలుగు మారితే లోపం కీ వైపు ఉంది. మారకపోతే ఎన్ని కీబోర్డ్ డ్రైవర్లు మార్చినా ఒరిగేదేమీ లేదు. ఇవీటెస్ట్ అనే టూల్ నడిపి కీ నొక్కండి: 225 కనిపిస్తూ తెర మాత్రం కదలకపోతే కీ తన పని తాను చేసినట్టే. అప్పుడు బూట్ లైన్‌లో 'నోమోడ్‌సెట్' మిగిలిపోయిందేమో చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టి చాలామంది తీయడం మర్చిపోతారు. అది ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పని మొదలుపెట్టదు, వెలుగూ మారదు.

అన్నిటికన్నా హానికరమైనది 'వెండర్' చిట్కా. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి బ్యాక్‌లైట్‌ని ఎక్కువగా గ్రాఫిక్స్ డ్రైవరే నేరుగా నడుపుతోంది. కెర్నెల్ కూడా ఇలాంటి మెషీన్లలో మామూలుగా 'నేటివ్' పద్ధతినే, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ నడిపేదాన్నే, ఎంచుకుంటుంది. 'వెండర్' (లాప్‌టాప్ కంపెనీ కోసం రాసిన డ్రైవర్) అని బలవంతం చేస్తే, ఆ కంపెనీకి అలాంటి బ్యాక్‌లైట్ డ్రైవర్ లేనప్పుడు, ఉన్న స్లైడర్ కూడా మాయం కావచ్చు.

ప్రయత్నించి తీరాలనుకుంటే, కంప్యూటర్ మొదలవుతూనే వచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి ఆ ఒక్క బూట్‌కి మాత్రమే మార్చండి, ముందు 'నేటివ్', తర్వాత 'వీడియో' (ఏసీపీఐ ద్వారా నడిపేది). రీస్టార్ట్ చేస్తే పాత స్థితి వచ్చేస్తుంది. ఏదైనా పనిచేస్తే మోడల్ పేరుతో సహా కెర్నెల్ వాళ్లకి బగ్ రిపోర్ట్ పెట్టండి. ఇలాంటి మోడళ్ల జాబితా కెర్నెల్‌లోనే ఉంది, మీది అందులో చేరితే అదే మోడల్ ఉన్న మిగతావాళ్లు బూట్ లైన్ జోలికి పోనక్కర్లేదు.