సాంబారుకి ఆగుతుందా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారు రోజూ పొద్దున్న ఆరింటికల్లా ఒక గులాబీ పెడతారు. దాంతో నాకేం పేచీ లేదు. కానీ మూణ్ణెల్ల నుంచి ఆ గులాబీ వెనకే ఒక వీడియో కూడా వస్తోంది. అందులో తెల్లకోటు వేసుకున్న ఒకాయన అద్దంలాంటి పల్చటి కాగితాన్ని వెలుతురుకి పట్టి చూపిస్తుంటే, వెనక నుంచి భక్తి టీవీ గొంతు ఒకటి "ఇది ప్లాస్టిక్ కాదు, చెట్టు. బరువు ఉక్కులో ఐదో వంతు, బలం ఉక్కుకి ఐదింతలు. దీని పేరు నానో సెల్యులోజ్" అంటుంది. కింద సెక్రటరీ గారు "ప్లాస్టిక్ పని అయిపోయినట్టే, అందరూ షేర్ చేయండి" అని రాస్తారు. వెంటనే నలభై బొటనవేళ్లు లేస్తాయి. ఆ బొటనవేళ్ల తాలూకు గుమ్మాలన్నిటికీ సరిగ్గా ఆ టైముకే పాల ప్యాకెట్లు వేలాడుతుంటాయి.

మొన్న ఆదివారం అసోసియేషన్ మీటింగు. అజెండాలో మొదటి అంశం, ప్లాస్టిక్ లేని అపార్ట్‌మెంట్. ప్రతి కుర్చీ ముందూ ఒక బుల్లి నీళ్ల సీసా, రెండు గుక్కలకి ఒకటి. "కిచెన్లో స్టీలు గ్లాసులు ఉన్నాయి కదండీ, అవి పెట్టించొచ్చుగా" అన్నాను, పొరపాటే. సెక్రటరీ గారు నా వైపు జాలిగా చూసి, "ఎందుకండీ అంత తొందర, నానో సెల్యులోజ్ వచ్చేస్తోందిగా" అన్నారు.

వచ్చేస్తోందిగా. ఆ ఒక్క మాటకి ఈ వ్యాసం.

ముందు ఆ పదార్థానికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం, పాపం దాని తప్పేం లేదు. సెల్యులోజ్ అంటే ఏ గ్రహం నుంచో ఊడిపడింది కాదు. పత్తిలో తొంభై శాతం దాకా అదే. మీ లుంగీ, మా తాతగారి పంచె, వరిగడ్డి, అరటి నార, పెళ్లి శుభలేఖ అన్నిట్లోనూ అసలు సరుకు అదే. ఆ పీచుని ఎంజైములతోనో రసాయనాలతోనో మెత్తబరిచి, విపరీతమైన ఒత్తిడితో సన్నటి సందులోంచి తోస్తే చీలి చీలి నానోమీటర్ల మందం పోగులవుతుంది. వెంట్రుక మందాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఎంతుంటుందో, ఈ పోగు అంతకంటే సన్నం. వాటిని నీళ్లలో కలిపి పల్చగా పరిచి ఆరబెడితే, ఆ వీడియోలో కాగితం. మట్టిలో పడితే మట్టిలో కలుస్తుంది. ఇంతవరకూ అంతా నిజమే.

మరి ఇది ఎప్పటి నుంచి వచ్చేస్తోంది? 1970ల చివర్లో అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం విప్పనీలోని ఐటీటీ రేయోనియర్ ల్యాబులో టర్బాక్, స్నైడర్, శాండ్‌బర్గ్ అనే ముగ్గురు కలప గుజ్జుని డెయిరీల్లో వాడే హోమోజనైజర్‌లోకి ఎక్కించారు. పాలల్లో మీగడ విడిపోకుండా చేస్తుందే, ఆ మిషనే. ఇటు గుజ్జు పోస్తే అటు గంజిలాంటి జెల్ వచ్చింది. అంటే నానో సెల్యులోజ్ పుట్టింది పాల మిషన్లో. సెక్రటరీ గారి గుమ్మానికి వేలాడే పాల ప్యాకెట్టు దాకా రావడానికి దానికి యాభై ఏళ్లు చాల్లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు కథ. చిన్నప్పుడు ఎర్ర కాగితం ఒకటి కళ్లకి అడ్డం పెట్టుకుని ఊరంతా ఎర్రగా చూసేవాళ్లం, గుర్తుందా? జిలెటిన్ పేపర్ అనేవాళ్లం. దాని అసలు పేరు సెల్లోఫేన్, అదీ సెల్యులోజే. స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రాండెన్‌బర్గర్ అనే ఆయన 1912 నాటికే దాన్ని తయారు చేసి చూపించాడు. అద్దంలా ఉండేది, గలగలలాడేది, ఒక్కటే రోగం, తేమని ఆపలేకపోయేది. 1927లో డ్యూపాంట్ కంపెనీలో హేల్ చార్చ్ అనే కెమిస్టు దాని మీద పల్చటి పూత ఒకటి వేసి ఆ రోగం కుదిర్చాడు. ఆ తర్వాత ఇంకా చవగ్గా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వచ్చి దాన్ని మూలన కూర్చోబెట్టింది. చెట్టు నుంచి తీసిన పారదర్శకమైన కవరు మన తాతల కాలానికే వచ్చింది, పనిచేసింది, పోయింది కూడా. ఇప్పుడు అదే చెట్టు ఇంకా సన్నటి పోగులతో మళ్లీ వస్తోంది. ఆ రోగం కూడా వెంటే వచ్చింది. నానో సెల్యులోజ్ పొర పొడిగా ఉన్నంత సేపూ ఆక్సిజన్‌ని లోపలికి రానివ్వకుండా ఆపడంలో చాలా ప్లాస్టిక్కుల కంటే మెరుగు. గాల్లో తేమ పెరిగిందా, పోగులు ఉబ్బుతాయి, ఆ గొప్పతనం కాస్తా జారిపోతుంది.

తేమ అనగానే నాకు మా వీధి చివర కర్రీ పాయింట్ గుర్తొస్తుంది. ఆంధ్ర తెలంగాణలని పోషిస్తున్న మహా వ్యవస్థ అది. రాత్రి ఎనిమిదిన్నరకి అక్కడ ఓనరు చేతి నేర్పు చూడాలి. ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకసారి రాస్తే కవరు నోరు తెరుస్తుంది, గరిటెడు సాంబారు పడుతుంది, గాలి కొంచెం వదిలి గిర్రున రెండు తిప్పులు తిప్పి రబ్బరు బ్యాండు వేసి విసిరితే బంతిలా ఎగిరి కౌంటరు మీద పడుతుంది. చుక్క కారదు. ఈ దేశంలో ఏ ప్యాకేజింగ్ ఆవిష్కరణ అయినా ఎదుర్కోవాల్సిన ఫైనల్ పరీక్ష అదే. వీడియోలో తెల్లకోటాయన ఆ కౌంటరు ముందుకి వచ్చినట్టు రోజూ ఊహించుకుంటుంటాను, నవ్వు ఆపుకోలేక మా ఆవిడతో చివాట్లు తింటుంటాను.

"ఇది నానో సెల్యులోజ్ అండీ."

"సాంబారుకి ఆగుతుందా?"

"ఆక్సిజన్‌ని అద్భుతంగా ఆపుతుంది."

"ఆక్సిజన్ పార్శిల్ ఎవరూ అడగట్లేదండీ. సాంబారు సంగతి చెప్పండి."

"ఉక్కు కంటే ఐదు రెట్లు బలమండీ."

"ఉక్కుతో ఏం పనండీ? స్టీలు గిన్నెల్లో ఇస్తే తిరిగి తేవట్లేదనే కదా కవర్లు మొదలెట్టింది." వెనక లైన్లో ఎవరో "అన్నా, పప్పుచారు ఒకటి, బెండకాయ ఫ్రై ఒకటి" అంటారు. రెండు కవర్లు గిర్రున తిరుగుతాయి. "మెలి తిప్పితే చిరగదా?"

"పొడిగా ఉన్నప్పుడు కొంచెం పెళుసండీ. తేమ తగిలితే మెత్తబడుతుంది, కొంచెం ఉబ్బుతుంది."

"సాంబార్లో తేమ తప్ప ఇంకేముందండీ?"

(ఇది ఆ ఓనరు జీవితంలో ఒప్పుకున్న ఏకైక నిజం.)

"పైన ఒక పూత వేస్తే తేమ కూడా ఆగుతుంది."

"పూత దేంతో?"

ఇక్కడ తెల్లకోటాయన కాసేపు పునుగుల మూకుడు వైపు చూస్తాడు. "పాలిమర్‌తో అండీ."

"అంటే?"

"అంటే... ప్లాస్టిక్ లాంటిదే."

"అయితే మా కవరూ అదేనండీ. మీదాంట్లో లోపల ఒక చెట్టు ఎక్కువ, అంతే కదా? ఇంతకీ ఒకటి ఎంత పడుద్ది?"

రేటు చెప్పకుండానే తెల్లకోటాయన గోంగూర పచ్చడి వంద గ్రాములు కట్టించుకుని వెళ్లిపోతాడు. కవర్లోనే.

పూతంటే ప్లాస్టిక్ ఒక్కటే కాదు, మైనం ఉంది, మొక్కజొన్న పిండి నుంచి తీసే పీఎల్ఏ ఉంది, ఆ సంగతి నాకూ తెలుసు. ఆ పీఎల్ఏ కంపోస్టు కావాలంటే కుప్ప లోపల దాదాపు 58 డిగ్రీల వేడి వారాల తరబడి నిలబడాలి. మే నెల ఎండల్లో రామగుండంలోనే అంత ఉండదు. మీ బాల్కనీలో కరివేపాకు కుండీలో పాతిపెడితే మీ మనవడు తవ్వి తీసి "తాతయ్యా, కవర్" అంటాడు.

ఖర్చు సంగతి కూడా ఒక్క ముక్క. తొలిరోజుల పద్ధతిలో ఒక టన్ను నానో పోగులు తీయడానికి 20 వేల నుంచి 30 వేల యూనిట్ల కరెంటు మింగేది. మన ఇంటి మీటరు మీద తిరిగే యూనిట్లే ఇవి. ముందుగా ఎంజైములతో నానబెట్టడం లాంటి ఉపాయాలతో దాన్ని వెయ్యి యూనిట్ల చుట్టుపక్కలకి దించారు, ఆ పని చేసిన వాళ్లకి దణ్ణం పెట్టాలి. అయినా బయటికొచ్చేది వందకి తొంభై ఏడు, తొంభై ఎనిమిది పాళ్లు నీళ్లున్న జెల్. లారీ కట్టి పంపితే నీళ్ల ట్యాంకరు పంపినట్టే. ఆరబెడదామంటే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని మొండికేస్తాయి, మళ్లీ నీళ్లు పోసినా విడవవు. జపాన్లో 2015లో ఈ ఉక్కుని మించిన పదార్థంతో అమ్మకానికి పెట్టిన తొలి సరుకుల్లో ఒకటి ఏంటో తెలుసా? పెద్దవాళ్ల డైపర్లు. వాసన లాగేసే పొరగా వేశారు. నిజానికి అది తెలివైన పనే, ఏ వస్తువుని ఎక్కడ పెట్టాలో వాళ్లకి తెలిసింది.

మనకూ అలాంటి చోటు ఉంది. నానో సెల్యులోజ్ నీళ్లకి లొంగుతుంది గానీ నూనెకి లొంగదు. కాగితం మీద పల్చగా పూస్తే నూనె అవతలికి దిగదు. అంటే సాంబారుకి పనికిరానిది మిర్చిబజ్జీకి బ్రహ్మాండంగా పనికొస్తుంది! ఇవాళ బజ్జీ నూనెతో పాటు దినపత్రికల సిరా కూడా మన కడుపులోకి పోతోంది, ఆహార భద్రతా సంస్థ వద్దు మొర్రో అంటున్నా. ముంబైలో కేంద్ర ప్రభుత్వ పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ సిర్కాట్‌లో, గింజకి అంటుకుని మిగిలిపోయే పొట్టి పత్తి పీచు నుంచి నానో సెల్యులోజ్ తీసే పైలట్ ప్లాంటు ఉంది. ఆదిలాబాద్, గుంటూరు పత్తి చేలు చూసినవాడికి ఆ మాట వింటే కడుపు నిండాలి. ఎవరైనా ఆ పీచుతో బజ్జీ బండ్లకి కాగితం చేసి ఇస్తే నేను ముందు లైన్లో నిలబడి చప్పట్లు కొడతా. కానీ బజ్జీ కాగితం అంటే వీడియోకి షేర్లు రావు కదా, ఉక్కు అనాలి.

పిండి నీళ్లలో గుడ్డ ముంచి కాలే కుండ మీద పరిచి, వెలుతురుకి పడితే అవతలి మనిషి కనిపించేంత పల్చటి పొర తీయడం ఆత్రేయపురం ఆడవాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు. 2023లో పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అన్న ముద్ర, కూడా వచ్చింది. తినేయదగ్గ పొర అది, దానికంటే బాగా మాయమయ్యే ప్యాకింగు ప్రపంచంలో లేదు. నిన్న మా తోడల్లుడు తెచ్చాడు. ప్లాస్టిక్ డబ్బాలో, ఒక్కొక్కటీ విడిగా ప్లాస్టిక్ కాగితం చుట్టి.

నవ్వుకున్నాం, బాగుంది. ఇప్పుడు నాకు నవ్వు రాని సంగతి చెప్తాను.

మా బజార్లో గుడి ముందు ఒక పెద్దావిడ పూలు అమ్ముతుంది. కార్తీకమాసంలో ఒకరోజు మున్సిపాలిటీ వాళ్లు జీపేసుకుని వచ్చి, ఆవిడ బుట్ట కిందున్న పల్చటి కవర్ల కట్ట పీక్కుని ఐదొందలు ఫైన్ రాశారు. రూల్ ఉంది. 2022 చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పల్చటి క్యారీ బ్యాగు వాడకూడదు. ఆవిడకి మైక్రాన్ అంటే ఏం తెలుసు? ఆ రోజు బేరం అంతా కలిపితే ఐదొందలు ఉంటుందో లేదో. "అయ్యా, పూలు దేంట్లో కట్టివ్వమంటారు?" అని అడిగింది. సమాధానం చెప్పిన మగాడు లేడు. అడుగు అవతల కిరాణా కొట్టుకి తోరణాల్లా వేలాడుతున్నాయి చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, ప్లాస్టిక్కూ అల్యూమినియం కలిపి అంటించినవి, విడదీయడం ఎవడి తరమూ కానివి. వాటి జోలికి జీపు పోలేదు. వాటికి కాగితాల మీద, ఎవరి ప్యాకెట్ల చెత్త వాళ్లే చూసుకోవాలన్న కంపెనీల బాధ్యత అని ఒక లెక్క ఉంది, ఆ లెక్క ఆఫీసుల్లో తిరుగుతుంది, ప్యాకెట్టు మాత్రం మా కాలవలో తిరుగుతుంది. వానొచ్చినప్పుడు దాన్ని చేత్తో లాగే కార్మికుడికి గ్లౌజు ఇవ్వరు! ఆ పల్చటి కవర్లు తయారుచేసే ఫ్యాక్టరీకి అడ్రసు లేదా? కరెంటు కనెక్షన్ లేదా? దాన్ని వదిలేసి ముసలిదాని బుట్ట కింద చెయ్యి పెట్టడానికి సిగ్గు ఉండక్కర్లేదా? ఈ సంగతే మీటింగులో ఎత్తితే మళ్లీ అదే మాట, కంగారుపడకండి, వచ్చేస్తోందిగా! ఆవిడ ఐదొందలు వచ్చేస్తుందా?

అరిటాకు, మోదుగాకు, దారం, పాత చీర సంచి, ఇవన్నీ ఆవిడకి తెలుసు, మనకంటే బాగా తెలుసు. పూలు ఆకులో కట్టిచ్చేది ఒకప్పుడు. వద్దన్నది మనమే, స్కూటీ డిక్కీలో తడి అంటుతుందని.

సరే, నా వంతు నేను చేద్దామని నిన్న రాత్రి అటక మీద నుంచి అమ్మ కాలం నాటి మూడు గిన్నెల స్టీలు క్యారియర్ దించి, తోమి, కర్రీ పాయింటుకి పట్టుకెళ్లాను. ఓనరు దాన్ని ఎగాదిగా చూసి, "ఎన్నాళ్లయిందండీ ఇలాంటిది చూసి!" అని తెగ ముచ్చటపడ్డాడు. గిన్నెలు విడదీసి వరసగా పెట్టాడు. ఎడమ చేత్తో కవరు రాసి తెరిచాడు, సాంబారు పోశాడు, గిర్రున తిప్పి రబ్బరు బ్యాండు వేశాడు, ఆ బంతిని జాగ్రత్తగా అమ్మ గిన్నెలో కూర్చోబెట్టి మూత పెట్టాడు.

"క్యారియర్ కారుద్దేమోనండీ" అన్నాడు.