‘కీప్’ పురాణం, తిరుపతి ఖండం

తిరుపతిలో ఇంగ్లీషు రానివాళ్లు ఉంటారేమో గానీ ‘కీప్’ రానివాళ్లు ఉండరు. గోడ మీద కీప్ క్లీన్, రోడ్డు మీద కీప్ లెఫ్ట్, ఆసుపత్రిలో కీప్ సైలెన్స్, లారీ వెనక కీప్ డిస్టెన్స్. పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డులో, వచ్చింది 35 మార్కులే అయినా, కీప్ ఇట్ అప్. ఊళ్లో ఇన్ని చోట్ల హాజరు వేయించుకునే మాట ఇంకొకటి లేదు, గోవిందా అన్నది తప్ప. అంతటి మాటకు ఇంతవరకు స్థలపురాణం లేకపోవడం ఈ క్షేత్రానికి తగదని భావించి ఈ కొద్దిపాటి ప్రయత్నం.

ముందు పుట్టుక. సుమారు వెయ్యేళ్ల కిందట ఇది పాత ఇంగ్లీషులో ఉన్నట్టుండి కనబడింది. పక్కనున్న జర్మన్‌లో, డచ్‌లో దీనికి అన్నదమ్ములు గానీ దాయాదులు గానీ ఉన్న జాడ లేదని నిఘంటువులు రాసినవాళ్లే చేతులెత్తేశారు. అంటే గోత్రం తెలియని మాట. గోత్రం తెలియనివాళ్లను కాశ్యప గోత్రం చెప్పుకోమంటారు కాబట్టి, ప్రస్తుతానికి దీనికీ అదే ఖాయం చేసి ముందుకు పోదాం.

గోత్రం కంటే గుణం ముఖ్యం. దీనికి రెండు గుణాలు, రెండింటికీ పడదు. ఒకటి, ఉన్నదాన్ని వదలకుండా ఉంచుకోవడం. రెండోది, చేస్తున్నదాన్ని ఆపకుండా సాగించడం. కీప్ సిట్టింగ్ అంటే కదలొద్దని, కీప్ మూవింగ్ అంటే ఆగొద్దని. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. కొండ మీద సర్వదర్శనం క్యూలో నిలబడినవాడికి మాత్రం ఏ వ్యాకరణమూ అక్కర్లేకుండా అర్థమవుతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటులోకి పంపి గేటు వేస్తారు. అది మొదటి కీప్. అక్కడ పాలు ఇస్తారు, తినడానికి పెడతారు, పక్క జిల్లా వాళ్లతో చుట్టరికం కలిసేంత తీరిక కూడా ఇస్తారు. రద్దీ రోజుల్లో ఆ తీరిక పగలు దాటి రాత్రిలోకి పోతుంది. ఒక్కసారి గేటు తెరుచుకుంటే పరుగు. మహాద్వారం, ధ్వజస్తంభం, బంగారు వాకిలి, అంతలోనే ఎక్కడినుంచో ఒక చెయ్యి, ‘జరగండి సామీ, జరగండి’ అని ఒక గొంతు. అది రెండో కీప్. మొదటిదాన్ని గంటల్లో లెక్కపెడతాం, రెండోదానికి సెకన్ల లెక్క కూడా ఎక్కువే. కళ్లు మూసుకోవాలా తెరవాలా అని తేల్చుకునేలోపు హుండీ దగ్గర ఉంటాం. ఇందులో తప్పు దేవస్థానానిది కాదు, స్వామిది అసలే కాదు. ఒకే మాటలో నిలబడమనీ నడవమనీ రెండూ పెట్టిన ఇంగ్లీషువాడిదే తప్పని మా నిర్ణయం.

ఘాట్ రోడ్డు సంగతి వేరు. 1944లో వేసిన మొదటి రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎదురుబండి అన్నదే లేదు. అందుకే కీప్ లెఫ్ట్‌ను పాటించకపోతే ఎదురుగా వచ్చి తిట్టేవాడు లేని రోడ్లు ఈ చుట్టుపక్కల అవే. ఇక కీప్ టైమ్. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదని నియమం. మలుపుల్లో జనం ప్రాణాలు నిలవాలని పెట్టిన మంచి నియమమే. దాన్ని అక్షరాలా గౌరవించే డ్రైవర్లు కొందరున్నారు. మలుపులన్నీ తమకు తోచిన వేగంతో దిగేసి, గేటుకు ఇవతల బండి ఆపి, మిగిలిన నిమిషాలు చెట్టు నీడన కూర్చుని పూర్తిచేస్తారు. గేటులో టైము వేసి ఇచ్చే చీటీ ప్రకారం వాళ్లంత నెమ్మదస్తులు లేరు.

ఇప్పుడు అసలు విషయం. ఎంతో పరిశీలన మీద మేం తేల్చింది ఏమంటే, ఈ మాటను బోర్డుకు ఎక్కించాక ఆ పని చేయనక్కర్లేదు. బోర్డే చేసుకుంటుంది. కీప్ క్లీన్ అని రాసిన గోడ కిందే చెత్త పోస్తారు, వెతుక్కోకుండా అదొక గుర్తు కాబట్టి. ఒక క్లినిక్‌లో కీప్ సైలెన్స్ బోర్డును టీవీకి సరిగ్గా పైన బిగించారు. అందులో అత్తాకోడళ్లు అరుచుకుంటుంటే, దగ్గుతున్న ముసలాయన్ను నర్సు ‘కొంచెం మెల్లిగా తాతా’ అంది. కీప్ ది చేంజ్ అన్నది ఇంగ్లీషు దేశంలో డబ్బు ఇచ్చేవాడు దర్జాగా అనే మాట. మన ఆటో స్టాండులో అది పుచ్చుకునేవాడి నోట వస్తుంది. ‘చిల్లర లేదు సామీ, ఉండనీలే’ అని. ఫోన్‌లో స్కాన్ చేసి కట్టడం వచ్చాక పాపం ఈ అర్థం ఒక్కటీ ఆరోగ్యం దెబ్బతిని మంచాన పడింది.

ఈ బోర్డుల జబ్బు మనదే అని చిన్నబుచ్చుకోవద్దు. 1939లో, యుద్ధం ముంచుకొచ్చినప్పుడు, బ్రిటన్ ప్రభుత్వం ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ అని దాదాపు 25 లక్షల పోస్టర్లు అచ్చేసింది. పెద్ద గండం వచ్చినప్పుడు అంటిద్దామని దాచిపెట్టింది. ఆకాశం నుంచి బాంబులు పడ్డా వాటిని పెద్దగా బయటికి తీయలేదు. చాలావరకు మళ్లీ కాగితం గుజ్జు కింద పోయాయి. జనం కంగారు పడకుండా ఉండటం పోస్టరు అంటించకపోయినా జరిగింది. మా సూత్రానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

గుజ్జు అనగానే చిత్తూరు వైపు తిరగక తప్పదు. మా జిల్లాల్లో తోతాపురి మామిడి తోటల్లో సగం బతుకు గుజ్జు ఫ్యాక్టరీల మీదే. కాయ కోసిన రోజు నుంచి రైతుకు గడియారం పరిగెత్తుతుంది. మామిడికి కీప్ అన్న మాట తెలియదు, మెత్తబడటమే తెలుసు. ఫ్యాక్టరీకి మాత్రం బాగా తెలుసు. డబ్బాల్లో పోసి సీలు వేస్తే నెలలు దాటి ఉంటుంది. ఆ తెలివే 2025 సీజన్‌లో రైతు మెడకు చుట్టుకుంది. పోయినేటి గుజ్జు ఇంకా అమ్ముడుపోలేదు, ఈ ఏటి కాయ ఎక్కడ పెట్టుకోమంటారు అన్నారు ఫ్యాక్టరీల వాళ్లు. ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటన వచ్చింది. ప్రకటన వచ్చింది సరే, గేటు తెరవాలిగా. ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరాయి. లోపల పాత గుజ్జు చల్లగా ఉంది, బయట కొత్త కాయ ఎండలో ఉంది, దాని పక్కన రైతు ఉన్నాడు. ఈ మూడింట్లో దేన్ని కీప్ చేయాలో ఫ్యాక్టరీకి చెప్పే బోర్డు ఎవరూ పెట్టలేదు. కొండ మీద కంపార్టుమెంటులో ఉన్నవాడికి పాలన్నా ఇస్తారు.

నామవాచకంగా ఈ మాటకు ఇంగ్లీషు నిఘంటువులో కోట నడుమ గట్టి బురుజు అని ఒక అర్థం, తిండీ బసా అని ఇంకో అర్థం ఉన్నాయి. మన పెద్దమనుషులు వాటితో తృప్తి పడక, పెళ్లాం కాని ఆడమనిషికి ఈ పేరు తగిలించారు. ‘ఆమె ఆయన కీప్ అంట’ అని అరుగు మీద గొంతు తగ్గించి అంటారు. ఉంచుకున్నవాడికి మాత్రం ఏ భాషలోంచీ మాట తేలేదు. వాడు ఎప్పటిలాగే పెద్దిరెడ్డిగారో పెద్దనాయుడుగారో. గుడి కమిటీలో కూడా ఉంటాడు.

బోర్డు లేకుండా దాచిన సందర్భం ఒకటి చెప్పకపోతే పురాణం పూర్తి కాదు. తాళ్లపాక అన్నమయ్య 1503లో పోయాడు. ఆయనవీ ఆయన కొడుకు, మనవడివీ కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి, గుడి లోపలే ఒక రాతి అరలో పెట్టారు. ఎదురుగానే హుండీ. శతాబ్దాలపాటు జనం ఈ పక్క తిరిగి డబ్బు వేశారు, ఆ పక్క తిరిగి చూసినవాళ్లు తక్కువ. 1922 ప్రాంతంలో గానీ ఆ రేకులు బయటి లోకానికి తెలియలేదు. కీప్ సేఫ్ అని రాయకపోవడం వల్లే అవి బతికాయని మా గట్టి నమ్మకం. ఆ బోర్డే ఉండి ఉంటే మొదట దానికి రంగు వేయడానికి టెండరు, తర్వాత రంగు పోయిందని విచారణ, ఆ గొడవలో రేకులు ఏ పాత్రల దుకాణానికి చేరేవో. అన్నమయ్య 32 వేల కీర్తనలు రాశాడంటారు. దొరికినవి అందులో సగం కూడా లేవు. మిగతావాటిని ఎవరు కీప్ చేశారన్నది పురాణంలో మరో ఖండానికి సరిపోయే విషయం.

కాబట్టి ఏలినవారికి మా విన్నపం. ఇకమీదట ఈ మాటను బోర్డు మీద రాయించాలనుకునేవాళ్లు ముందు ఆ పని తాము ఒక ఏడాది చేసి చూపించాలి. క్లినిక్ టీవీ కట్టేయాలి. ఫ్యాక్టరీ గేటు తీయాలి. లారీ ముందుబండికి దూరంగా నడవాలి. స్కూలు మాస్టరు 35 మార్కులకు ఆ ముక్క రాసేముందు, అదే పిల్లవాడికి పోయినసారి ఎన్ని వచ్చాయో ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. వికెట్ కీపర్లకు మాత్రం మినహాయింపు. వాళ్లు పొద్దస్తమానం ఎదుటివాళ్లకు సలహాలు చెబుతూనే ఉంటారు గానీ, బంతి వచ్చినప్పుడు పడతారు.