మా బాబాయి ముందు డెంగీ శాస్త్రం ఎంత?

గిడుగు రామమూర్తి గారు వాడుక భాషను గెలిపించిన పర్లాకిమిడిలోనే మా వీధి బాబాయి వాడుక వైద్యాన్ని గెలిపిస్తున్నారు. ఎవరికి జ్వరమన్నా ఆయన అడిగేవి రెండే. "ప్లేట్‌లెట్లు ఎంత? బొప్పాయి ఆకు దంచారా?" 1943లో జపాన్‌లో డెంగీ వైరస్ దొరికింది మొదలు శాస్త్రవేత్తలు తల బద్దలు కొట్టుకుంటున్న వ్యవహారాన్ని ఆయన అరుగు మీద కూర్చుని, పడక్కుర్చీ కూడా కదలకుండా తేల్చేస్తారు.

టీకా తేవడంలో ఇన్నేళ్ల ఆలస్యానికి శాస్త్రవేత్తల సాకు వినండి. డెంగీ వైరస్ ఒకటి కాదట, నాలుగు రకాలట. ఒక రకం వచ్చి తగ్గితే దాని నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. ఆ గడువు దాటాక వేరే రకం వస్తే, పాత జ్వరంలో పుట్టిన యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గాని చంపలేవు. పైగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కణంలో దిగబెడతాయట! కాపలావాడే దొంగకు పెరటి తలుపు గడియ తీసినట్టు. రెండోసారి వచ్చే డెంగీ కొందరికి ప్రాణం మీదికి తెచ్చేది ఇందుకేనట.

ఎవరి పక్షమో తేలని వ్యవహారాలు ఆంధ్ర-ఒడిశా సరిహద్దువాళ్లం మనకు కొత్తా? రెండు రాష్ట్రాల కార్డులూ దాచుకున్న ఇళ్లు కొఠియా గ్రామాల్లో ఉన్నాయి. ఆ ఊళ్లు ఎవరివన్న తగాదా 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది, ఇంకా తేలలేదు.

యాంటీబాడీలు ఇలా పక్షం మార్చకుండా ఉండాలంటే టీకా నాలుగు రకాలనూ ఒకేసారి, సమంగా అడ్డుకోవాలి. ఈ సమానత్వమే కుదరడం లేదు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు ఒక టీకా వేశారు. అంతకుముందు డెంగీ రాని పిల్లలకు ఆ టీకాయే మొదటి జ్వరంలా పనిచేసి, తరువాతి జ్వరాన్ని ముదిరేలా చేయవచ్చని 2017 చివరలో కంపెనీయే చెప్పింది. కార్యక్రమం ఆగిపోయింది. అప్పటి నుంచి శాస్త్రవేత్తలు మరీ పిరికివారయ్యారు. మన దేశపు 'డెంగీఆల్' టీకా మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలైంది. పదివేల మందికి పైగా వాలంటీర్లు, ఒక్కొక్కరి మీద రెండేళ్ల నిఘా.

"రెండేళ్లా!" అని బాబాయి నవ్వారు. "నా ఆకు రసానికి రెండు పూటలు చాలు."

నిజమే. కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయని ఆకుకు తెలియదు, తెలిసినా చెప్పదు. జ్వరం దిగిన రోజుల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం కారి రోగి కుప్పకూలే ప్రమాదం ఉందంటారు డాక్టర్లు. బాబాయి లెక్కలో అది కోడికూర వండించే రోజు.

ఇక దోమ. అది గట్టిగా ఎగిరినా నాలుగైదు వందల మీటర్లకు మించి వెళ్లడం అరుదు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రా వైపు పాతపట్నం చేరాలన్నా, అక్కడి నుంచి ఇటు రావాలన్నా దానికి కష్టమే. ఆ సేవను మనం చేస్తున్నాం. ఒంట్లో వైరస్ పెట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని మరీ బస్సెక్కుతున్నాం.

మొన్న మా పెరట్లోని నీలం డ్రమ్ములోకి తొంగి చూశాను. తేటగా ఉన్న నీళ్లలో కామాల్లా వంగిన పిల్ల పురుగులు, తోకలాడిస్తూ పైకీ కిందికీ తిరుగుతున్నాయి. మూత కనబడలేదు. వేసవిలో వడియాలు పెట్టడానికి పిన్నిగారు తీసుకెళ్లారని గుర్తొచ్చి అడగబోయాను.

మూత అరుగు మీదే ఉంది. దానిలో బొప్పాయి ఆకులు ఆరుతున్నాయి.