ముందు ఆవిష్కరణ, తర్వాత అచ్చు

తెలుగు పత్రికల్లో కథల్ని సంస్కరించే సంపాదకులు కరువయ్యారని దిగులుపడేవాళ్లకు నాదొక మనవి. ఒక్కసారి ఏదైనా సాహిత్య పత్రిక ఆవిష్కరణ సభకు వెళ్లి, రచయిత తన కథ తనే చదివేటప్పుడు ఓపిగ్గా కూర్చోండి. సంపాదకుడు కనిపిస్తాడు. అరచేతిలో ఇమిడే కాగితం ముక్క ఆయన. ‘సమయాభావం. త్వరగా ముగించగలరు’ అని రాసి ఉంటుంది.

ఆయన రావడానికి కాస్త టైం పడుతుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఆదివారం సభ అనుకోండి. ఆహ్వానపత్రంలో సాయంత్రం 5.30 అని ఉంటే ఏడింటికి జ్యోతి వెలుగుతుంది. ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచదు కాబట్టి మళ్లీ మళ్లీ వెలుగుతుంది. సంచికల కట్టకు రంగు కాగితం, రిబ్బను ఉంటాయి, కత్తెర ఉండదు. ఫొటోకి అందరూ పత్రికను గుండెలకు ఆనించుకుంటారు, ఒకరిది తప్పకుండా తలకిందులు. ఆ తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులున్నా అప్రస్తుత ప్రసంగానికి ఒక్కరినే పెట్టిన మన పెద్దలు ఎంత పొదుపరులో అప్పుడు తెలుస్తుంది.

ఎనిమిదిన్నర దాటాక కథకుణ్ణి పిలుస్తారు. హాలు తాళాలగుత్తి పట్టుకున్న మనిషి అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంటాడు.

“ఇది చాలా చిన్న కథండీ” అంటాడు రచయిత. ఆ మాట వినగానే సభికులంతా చేతిలోని సంచిక తెరిచి, కథ ఎక్కడ అయిపోతుందో వెతికి, అక్కడ వేలు పెట్టుకుంటారు. కాసేపటికి హాలంతా ఒక్కసారే పేజీ తిప్పిన చప్పుడు, రచయిత కంటే అరపేజీ ముందు. ముసలమ్మ పాత్ర రాగానే ఆయన గొంతు వణికిస్తాడు. మూడు డైలాగులయ్యేసరికి ముసలమ్మకు ఆయన గొంతే వచ్చేస్తుంది. సరిగ్గా తన కథకు తనే కళ్లు తుడుచుకునే ఘట్టంలో చీటీ బయల్దేరుతుంది. అధ్యక్షుడు రాసింది పక్కాయన చదివి, తలూపి, ఆ పక్కాయనకు అందిస్తాడు. మైకు దాకా చేరేలోపు నలుగురు చదువుతారు. అచ్చుకు ముందు కథను అంతమంది చదివి ఉండరు.

చీటీ చూసుకున్న రచయిత గబగబా నాలుగు పేజీలు తిప్పి, “క్లుప్తంగా చెప్పాలంటే, ఆమె చనిపోతుంది” అని దండం పెడతాడు. విమర్శకులు గమనించాలి. వాన వర్ణన పోయింది. చిన్నప్పటి మామిడితోట పోయింది. రైలు కిటికీ దగ్గర కూర్చుని జీవితం గురించి చేసిన ఆలోచన మొత్తం పోయింది. కథ బాగుపడింది! ఇదే పని నెల ముందు చేసే ధైర్యం పత్రికవారికి లేదు. రచయిత జీవిత చందా కట్టి ఉన్నాడు మరి.

ఒకప్పుడు ఈ బాధ్యత ఆకాశవాణి మోసింది. 1948లో విజయవాడ కేంద్రం మొదలయ్యాక ఎందరో రచయితలు అక్కడ కథలు చదివారు. ఇన్ని నిమిషాలంటే అన్నే. వాచీ ముందు పెట్టుకుని, ఇంట్లోవాళ్లకు చదివి వినిపించి, ఎక్కువైన ముక్కలు తామే కొట్టేసుకుని వెళ్లేవారు. స్టూడియోలో కన్నీళ్లకు విడిగా టైం ఇవ్వరు. అంతకంటే ముందు, 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నే తీసుకోండి. ఇవాళ నిదానంగా పైకి చదివినా తాళాలగుత్తి చప్పుడు చేయకముందే అయిపోతుంది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ముందు ఆవిష్కరణ సభ పెట్టాలి. కథ చదివించాలి. చీటీ అందాక ఎంత మిగిలిందో అంతే అచ్చుకు పంపాలి. అచ్చవని పత్రికను ఎలా ఆవిష్కరిస్తారని కొందరికి సందేహం రావచ్చు. రంగు కాగితం ఉంది, రిబ్బను ఉంది. లోపలేముందో చూసి మాట్లాడిన అతిథి ఇప్పటికైనా ఎవరున్నారు?